పైపొర

గుంటూరులో దుమ్ముకు కొదవేం లేదు.
అయినా నాకు కావలసిన దుమ్ము వేరు.
వెంట్రుక మందంలో ఇరవయ్యో వంతు.
ఎరుపే, కానీ మిరప ఎరుపు కాదు,
తుప్పు ఎరుపు.

కాలేజీ వెనక రేకుల షెడ్డులో
మధ్యాహ్నాలు జల్లెడ పడతాను.
పేరేచర్ల నల్లరాతి పలక మీద
ఒక పూత, ఒక కొలత,
మళ్లీ పూత, మళ్లీ కొలత.
ఎంత దుమ్ము పడితే రాయి
తన పేరు మర్చిపోతుందన్నదే నా ప్రశ్న.

అంగారకుడి మీద ప్రతి రాయీ
ఎవరూ ఊడ్చని వాకిట్లో
కోట్ల ఏళ్లుగా కూర్చుని ఉంది.
పైనుంచి చూసే కంటికి అది దొరకదు,
దాని మీది దుమ్మే 'నేను రాయిని' అని పలుకుతుంది.
దుమ్ము కింద ఇంకో పొర.
ఎప్పుడో తగిలిన తడి
రాతి లోపలి ఉప్పును బయటికి లాగి
ఎండబెట్టి పోయిన చెక్కు.
ఒకటి వచ్చి వాలింది.
ఒకటి లోపల్నుంచి ఊరింది.
ఆ రెంటినీ విడదీయడానికే నాకు జీతం,
అదీ మూడు నెలలకోసారి.

కుజదోషమని రెండు సంబంధాలు తప్పిపోయినప్పుడు
మా పిన్ని నవగ్రహాల దగ్గర కందులు పోసింది.
ఇప్పుడు అడుగుతుంది,
"ఆయన మొహం తుడిచే పని నీకే దొరికిందటే?"

కాలేషా మా అటెండరు.
పదిహేడేళ్లు పేరేచర్ల క్వారీలో డ్రిల్లు పట్టిన చెయ్యి.
కొత్త పలకని గోటితో మీటి
చెవి దగ్గర పెట్టుకుంటాడు,
పుచ్చకాయ బేరమాడినట్టు.
"లోపల బీటేసింది మేడం. పనికిరాదు."
సాయంత్రానికి యంత్రం కూడా అదే మాట అంటుంది.

ఒకరోజు అక్కడి రాయి ఫొటో చూపించాను,
ఎరుపు కింద ఆ ఊదా తళుకేమిటంటావని.
కళ్లద్దాలు చొక్కాకి తుడుచుకుని
చాలాసేపు చూశాడు.
"గాలి కొట్టే పక్క శుభ్రంగుంది.
ఈ పక్కది పాతది, రాయి సొంతం.
కొట్టి చూడకుండా ఎట్టా చెప్తాం?"
కొట్టడానికక్కడ సుత్తి లేదు,
గిర్రున తిరిగే చిన్న కుంచె ఉందన్నాను.
నవ్వాడు. నవ్వు దగ్గులోకి జారింది.
మిరపయార్డు గాలి ఇటు తిరిగిందనుకున్నాను.
మార్చిలో ఊరంతా దగ్గేదే కదా.

పెద్దాసుపత్రి నుంచి ఫిల్ము తెచ్చుకుని
నా కంప్యూటరు తెర వెలుగుకి ఎత్తిపట్టాడు.
తెర మీద ఆ రాయి అలాగే ఉంది,
తీసెయ్యడం నాకు తోచలేదు.
తెల్ల చుక్కలు,
రెండు ఊపిరితిత్తుల పైభాగాన దట్టంగా.
"రాతిపొడి అన్నాడు డాక్టరు.
మీకైతే తెలుస్తదని తెచ్చా."

తెలుసు నాకు.
ఏ ఖనిజమో, ఎన్ని మైక్రాన్లో,
ఏ తరంగం దగ్గర వెలుగును మింగుతుందో.
ఇరవై కోట్ల కిలోమీటర్ల అవతల
ఒక రాతి చెంప మీద పడిన దుమ్ము
ఎన్నాళ్ల నాటిదో చెప్పగలను.
పక్క బల్ల దగ్గర మూడేళ్లు
నీళ్ల సీసా పెట్టుకుని దగ్గిన మనిషిని
మిరపకాయల ఖాతాలో రాసేశాను.

పైన ఒక మాట తప్పు రాశాను.
జల్లెడ పడతాను అన్నానే,
పట్టింది నేను కాదు.
నేను కొలతలు తీసుకున్నాను.

"ఇది వాలిందా మేడం, ఊరిందా?"
నా మాటలు నాకే అప్పజెప్పాడు.
వాలిందే, అన్నాను.
"మరి నీళ్లు చల్లితే పొడి లేవదని
క్వారీలో అందరికీ తెల్సు.
ట్యాంకరుకి డబ్బులెవరిస్తారు?"
అని ఫిల్ము చుట్ట చుట్టి సంచిలో పెట్టుకున్నాడు.

ఇప్పుడు జల్లెడ నేనే పడుతున్నాను,
మూతికి గుడ్డ కట్టుకుని, తలుపు మూసుకుని.
అతను బయట మెట్ల మీద కూర్చుని
రాళ్లు మీటుతుంటాడు.
తలుపు సందులోంచి గొంతు వినిపిస్తుంది.
ఇది పనికొస్తది.
ఇది రాదు.
ఇది...
ఆగండి, ఇంకోసారి మీటనివ్వండి.